సూర్యాపేటలో ఊరికే నడవడం

మా సూర్యాపేటలో అప్పట్లో ఊరికే నడవడానికి వీలుండేది కాదు. నడిచే మనిషికి ఒక పని ఉండాలి. పాలకు పోవాలి, పొలానికి పోవాలి, బస్సుకు పోవాలి, లేదా చావుకు పోవాలి. ఇవేవీ కాకపోతే చేతిలో చెంబైనా ఉండాలి. పొద్దున్నే చెంబు కూడా లేకుండా ఒక ఆడమనిషి గబగబా నడిచిపోతుంటే చూసినవాళ్ళకు ఆ పూట అన్నం సహించదు. తొంభైల మొదట్లో, నలభై అయిదు దాటాక, ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది.

ముందు నా ఒంటి సంగతి చెప్పాలి. పీట మీద నుంచి లేవాలంటే ఒక చెయ్యి నేలకు, ఇంకొకటి మోకాలికి ఆనించేదాన్ని. మూడోది ఉంటే గోడకు ఆనించేదాన్నే. లేచేటప్పుడు నా ప్రమేయం లేకుండా నోట్లోంచి ఒక మూలుగు వచ్చేది. ముందుగదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయన అది విని "లేసినవా? అయితే జర చాయ్ పెట్టు" అనేవాడు. సూదిలో దారం ఎక్కించడం ఎప్పుడో మానేశాను. రవికలు వరసగా చంకల దగ్గర పిగిలిపోతుంటే దర్జీని తిట్టాను. పాపం చాలాసార్లు పడ్డాడు. చివరికి ఒకరోజు "అమ్మా, కుట్టు మంచిగనే ఉన్నది. బట్టనే సాలుతలేదు" అన్నాడు. ఆ తర్వాత దర్జీని మార్చాను గానీ లాభం లేకపోయింది.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకునేవే. నవ్వుకోలేనిది షుగరు. దాహం, నీరసం అని దవాఖానకు పోతే డాక్టరు పరీక్ష చేయించి, కాగితం చూసి, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగాడు. ఉంది. కోదాడలో మా అన్నయ్య దగ్గర ఉండే మా అమ్మకు ఉంది. ఒకసారి ఆమె కాలికి తుమ్మముల్లు దిగింది. షుగరుతో కాళ్ళు అప్పటికే మొద్దుబారి ఉండటంతో ఆమెకు నొప్పే తెలియలేదు. నొప్పి లేదు కనుక చూసుకోలేదు. చూసుకునేసరికి పుండు ముదిరింది. ముందు వేలు తీశారు, తర్వాత మోకాలి కిందదాకా తీసేశారు. ఇదంతా డాక్టరుకు చెబుతూ చెబుతూ నా రెండు కాళ్ళనూ కుర్చీ కిందికి ముడుచుకున్నాను.

"భయపడి లాభం లేదమ్మా, నడవాలి" అన్నాడాయన. "రోజూ పొద్దున్నే చెమట పట్టేలా నడవండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. రెండు నెలలు చూద్దాం. తగ్గకపోతే ఇక సూదులే."

ఇంటికి వస్తూ రిక్షాలో మా ఆయన చేత ఒట్టు పెట్టించుకున్నాను. "ఏమండీ, ఈ సంగతి మా అమ్మకు తెలియకూడదు" అన్నాను. తెలిస్తే ఆ జబ్బు తానే నాకిచ్చానని కుమిలిపోతుంది. తన కాలు పోయినప్పుడు కన్నీళ్ళు పెట్టని మనిషి, నా కాలి గురించి మంచం పడుతుంది. అమ్మకు తెలియకూడదంటే అన్నయ్యకు తెలియకూడదు. అన్నయ్యకు తెలియకూడదంటే సూర్యాపేటలో ఎవరికీ తెలియకూడదు, ఎందుకంటే మా ఎరువుల దుకాణంలో పొద్దున అన్న మాట సాయంత్రం బస్సులో కోదాడ చేరుతుంది. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అయినా నా నెత్తి మీద చెయ్యిపెట్టి "సచ్చినా సెప్ప" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు.

బూట్లు కొనడం ఇంకో కథ. ఆడవాళ్ళ బూట్లనేవి మా ఊళ్ళో లేవు. బడిపిల్లలు డ్రిల్లుకు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు అడిగితే దుకాణం అతను "బాబు ఏ క్లాసు?" అన్నాడు. నా పాదం వంక చూసుకుని "తొమ్మిది" అన్నాను. నేను వేసుకుని అటూ ఇటూ నడిచి చూస్తుంటే "బాబును తీస్కరావాలె గదమ్మా" అని అనుమానంగా చూశాడు. "వాడి కాలూ నా కాలూ ఒకటే" అని డబ్బులిచ్చి బయటపడ్డాను. మాకు కొడుకులే లేరు.

మొదటి రోజు నేత చీర కింద తెల్ల బూట్లతో వీధిలోకి దిగాను. ముగ్గు వేస్తున్న ఎదురింటావిడ ముగ్గుబుట్ట కింద పెట్టి "ఏమైంది వదినా, ఎవలన్న పోయిన్రా?" అని అడిగింది. లేదంటే నమ్మలేదు. సందు చివర పాలవాడు సైకిలు ఆపి "పాలు నేనే తెస్తున్న గదమ్మా, ఎందుకు ఎదురొచ్చినవ్?" అన్నాడు. రోడ్డెక్కాక మా ఆయన దగ్గర ఎరువులు కొనే, పక్కూరు చివ్వెంల రైతు ఒకాయన స్కూటరు ఆపి "ఎక్కున్రి అమ్మా, దించుతా" అన్నాడు. వద్దన్నాను. "నడుసుడెందుకు, బండి ఉండంగ?" నడుస్తానన్నాను. ఆయన పోలేదు. స్కూటరును నా పక్కనే మెల్లగా నడుపుతూ, తనవల్ల ఏం తప్పు జరిగిందో చెప్పమనీ, పోయినసారి బస్తాల దగ్గర మాటామాటా వచ్చిందేమో మనసులో పెట్టుకోవద్దనీ బతిమాలాడు. చివరికి ఆయన బాధ చూడలేక ఎక్కాను. చివ్వెంలలో దించి, దండం పెట్టి పోయాడు. అక్కడి నుంచి బస్సులో ఇంటికొచ్చాను. డాక్టరు నడవమన్న మొదటి రోజు నేను నడిచింది మా సందు పొడవే.

ఇలా లాభం లేదని ఒక ఉపాయం ఆలోచించాను. మనిషి చేతిలో సంచి ఉంటే ఎవరూ ఏమీ అడగరు. ఏదో పని మీద పోతోందనుకుంటారు. మా ఆయన బస్సు ప్రయాణాలకు వాడే జిప్పు సంచి తీసుకుని బయలుదేరాను. ఖాళీ సంచి గాలికి ఎగురుతుంటే బాగుండదని అందులో ఒక పాత చీర మడిచి కుక్కాను. ఉపాయం బ్రహ్మాండంగా పనిచేసింది. వీధిలో ఎవరూ పలకరించలేదు. చూసి, తల తిప్పుకుని, నేను దాటాక గుసగుసలాడారు. నేనేమో నా తెలివికి నేనే మురిసిపోతూ నడిచాను.

కొన్ని వారాలకు నాకు నడక రుచించింది. ఆయాసం తగ్గింది, రవిక చేతులు కొంచెం వదులయ్యాయి. ఒకరోజు హుషారు ఎక్కువై, కోదాడ రోడ్డు మీద మామూలు కంటే దూరం పోయాను. ఇక కాళ్ళు కదలక, సంచి పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని రొప్పుతూ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాను. కోదాడ పోయే ఎర్ర బస్సు వచ్చి నా ముందే ఆగింది.

"ఎక్కమ్మా, కోదాడకేనా?" అన్నాడు కండక్టరు. ఊపిరి అందక చెయ్యి అడ్డంగా ఊపాను. "పైసల్ లేకుంటే మల్ల ఇద్దువుగాని, ముందు ఎక్కు. ఏడ్వకమ్మా" అన్నాడు. ఏడవడం లేదని చెబుదామంటే నోట్లోంచి "హా... హా..." అని తప్ప మాట రాలేదు. ఇంతలో కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చింది. కోదాడలో మా అమ్మ ఉండే వీధిలో కుట్టుమిషను పెట్టుకున్నావిడ. "అయ్యయ్యో, మన వీధి పిల్లే! ఏంటమ్మా ఇలా అయిపోయావు!" అంది. బస్సు బస్సంతా ఇటువైపు ఒరిగి నన్ను చూసింది. నేను చేతులు జోడించి పొమ్మని వేడుకున్నాను. ఆ జోడించిన చేతులే కొంప ముంచాయి.

నేను ఇల్లు చేరేలోగా కబురు కోదాడ చేరింది. ఫోను మీద అది మిర్యాలగూడలో ఉన్న మా ఆయన అక్కయ్యకు, అంటే మా పెద్దొదినకు చేరింది. మా ఆయన కొట్టి వెళ్ళగొడితే నేను సంచి సర్దుకుని పుట్టింటికి బయలుదేరానట. చార్జీలకు డబ్బులు లేక నడిచే పోతున్నానట. ఆ ఆదివారం పొద్దున్నే పంచాయితీ దిగింది. వదిన మిర్యాలగూడ బస్సులో వచ్చింది. అన్నయ్య కిరాయి జీపులో మా అమ్మనూ తీసుకొచ్చాడు. చంక కర్రలతో అమ్మ జీపు దిగుతుంటే చూసి నా గుండెలో రాయి పడింది. ఈ ఒక్క మనిషికి తెలియకూడదనే కదా ఇదంతా.

మాట్లాడుకోవడం కంటే ముందు కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. అమ్మ తప్ప గదిలో ఉన్నవాళ్ళమంతా యాభైకి అటూ ఇటూ. అన్నయ్యకు నడుం పట్టీ ఉంది, కింద కూర్చోకూడదు. వదినకు మోకాళ్ళు వంగవు. చేతుల కుర్చీలో కూర్చుంది గానీ మధ్యలో కోపమొచ్చి లేచినప్పుడు కుర్చీ కూడా ఆమెతోపాటు లేచింది. మా ఆయన వెనక నుంచి కుర్చీని పట్టి లాగాడు. తనను తిట్టడానికి లేచిన మనిషికే అలా సాయం చేయాల్సి వచ్చింది పాపం.

"ఏరా తమ్మీ, తాగుతున్నవా?" అంది వదిన.

"లేదక్కా."

"కొట్టినవా?"

"ఎవల్ని? ఈమెనా? నేనా?" మా ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మరి మా చెల్లెలు సంచి పట్టుకుని రోజూ రోడ్డెక్కడం ఏంటి బావగారూ?" అన్నాడు అన్నయ్య. "ఊరంతా చెప్పుకుంటున్నారు. ఎటు వెళుతోందో మీకు తెలీదా?"

మా ఆయన నా వంక చూశాడు. నేను అమ్మ వైపు కళ్ళు తిప్పి, తల అడ్డంగా ఊపాను. ఆయన "నాకు తెల్వదు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నోరు కట్టేసుకుని కూర్చోవడం అదే మొదలు. దానికి అందరూ కలిసి ఆయన మీద పడ్డారు. పెళ్ళాం ఎటు పోతదో తెల్వని మొగోడున్నాడా అని వదిన అడిగింది. అంతటితో ఆగక గోడకు తగిలించిన సంచి తెచ్చి జిప్పు లాగింది. చీర బయటపడింది. దాన్ని రెండు చేతుల్తో పైకెత్తి "మరి గిదేంది?" అంది. చీర ఎగరకుండా సంచిలో పెట్టలేదు, సంచి ఎగరకుండా చీర పెట్టాను అని ఎలా చెప్పను? నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు. చాయ్ తెస్తానని వంటింట్లోకి పారిపోయాను.

చాయ్ పళ్ళెం తెచ్చి ముందు అమ్మకు ఆమె గ్లాసు అందించాను. చక్కెర లేనిది. వదిన నేను చెప్పేలోగానే చెయ్యి చాపి, నిండుగా కనిపించిన గ్లాసు ఎత్తుకుని ఒక గుక్క తాగింది. వెంటనే ముఖం వంకర పెట్టి "థూ! చక్కెర ఎయ్య మర్సినవ్ పిల్లా" అంది.

"అది అమ్మది వదినా, పొరపాటున తీసుకున్నారు" అన్నాను తొందరగా.

"నాది నా చేతిలోనే ఉందిగా" అంది మా అమ్మ.

అమ్మ తన గ్లాసు వంక చూసింది, వదిన గ్లాసు వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. మా ఆయన రెండు చేతులూ పైకెత్తి "నేను సెప్పలే. ఒట్టు. నోరు తెరిస్తె అడుగున్రి" అన్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"ఎన్నాళ్ళ నుంచే?" అంది అమ్మ. చెప్పాను. డాక్టరు చెప్పింది, నడక, బూట్లు, సంచి, బస్సు, అన్నీ చెప్పాను. అమ్మ అంతా విని గ్లాసు కింద పెట్టింది. అది చూసి, ఆ ఒట్టేదో ఆ బస్సు కండక్టరు చేత కూడా పెట్టించుకోవాల్సిందనిపించింది.

వదిన ముందు తేరుకుంది. "ఇంతేనా! ఓ గోలీ ఏసుకొని ఇంట్లనే ఉండరాదు? మరీ అయితే వాకిట్ల తిరుగు. గింత వయసొచ్చినంక బూట్లేస్కొని రోడ్ల మీద తిరుగుతుంటే నలుగురు ఏమనుకుంటరు?" అంది. అన్నయ్య కూడా "అవునమ్మా, వాకిట్లో నడిచినా నడకేగా. మన పరువు కూడా చూసుకోవాలి" అన్నాడు. మా వాకిలి పొడవు రెండు మంచాలంత. అందులో చెమట పట్టాలంటే గానుగెద్దులా తిరగాలి. అయినా ఎదురు చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. రెండు నెలల గడువు దగ్గర పడుతోంది, ఇక ఆ సూదులే గతి అనుకున్నాను. భయమేసింది.

"దాని నడక ఆపేవాళ్ళెవరో ముందు నా కాలు తెచ్చి నాకియ్యండి" అంది అమ్మ.

గొంతు పెంచలేదు. అన్నయ్య తల దించుకున్నాడు. వదిన ఏదో అనబోయి, చేతిలో ఉన్న ఆ చేదు చాయే ఇంకో గుక్క తాగింది. అమ్మ నన్ను దగ్గరికి పిలిచి "కాలు చూపించు" అంది. మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, ఆమె కూర్చున్న మంచం పక్కన కూలబడి కాలు చాపాను. ఆమె దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని మడమ చూసింది, అరికాలు చూసింది, వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విప్పి చూసింది. తర్వాత చిటికెన వేలు పట్టుకుని గిచ్చింది.

"నొస్తోందా?"

"నొస్తోంది" అన్నాను.

ఆమెను ఊరుకోబెట్టడానికి అంటున్నాననుకున్నట్టుంది. ఈసారి గోళ్ళు దిగేలా, బలమంతా పెట్టి గిచ్చింది. "అమ్మా!" అని కేక పెట్టి కాలు లాక్కున్నాను. వదిన హడలిపోయింది, మా ఆయన లేచి నిలబడ్డాడు.

"హమ్మయ్య" అంది మా అమ్మ. నా కాలు మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, దాన్ని పట్టుకునే ఏడ్చింది.