చేవెళ్ల రాకముందే నవ్వేవాడు

మొయినాబాద్‌లో మా తమ్ముడి ఇంట్లో అడుగుపెట్టగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమన్నది. ముందుగది నిండా పరిచిన మెత్తటి చాప నుంచి వస్తున్నదది. చాప మీద ఏనుగులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు; దానికి పైన వంపు తిరిగిన రెండు కమ్మీలు; ఆ కమ్మీలకు గుడ్డకోతి, చిన్న అద్దం, ముట్టుకుంటే గలగలమనే రంగు ఉంగరాలు. వాటి కింద మా తమ్ముడి కూతురు, ఐదో నెల పిల్ల, బోర్లాపడి తల ఎత్తడానికి నానా తంటాలు పడుతున్నది. మా మరదలు ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో గిలక్కాయ పట్టుకుని పిల్ల వెనకవైపు కూర్చున్నది.

“ఇయాల్టి ఆట గిది, వదినా. ఎన్కనుంచి సప్పుడు చెయ్యాల్నట. తల తిప్పుతదా లేదా సూడాల్నట,” అని ఫోన్‌లో చదివి, గిలక్కాయ ఊపింది. పిల్ల ఠక్కున తల తిప్పింది. మరదలు ఫోన్‌లో ఏదో నొక్కి, పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయింది.

అంతే. అంత చిన్న పని. నాకు మాత్రం ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమె మీద కోపం కాదు, ఆ పిల్ల మీద అంతకన్నా కాదు. ఇదే ఆట మా ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లనై నేను ఆడి, తమ్ముడు తల తిప్పలేదని ఇల్లంతా తిరిగి చెప్తే, ఒక్కరూ చెవిన పెట్టలేదు.

మాది సురంగల్. మొయినాబాద్ నుంచి లోపలికి వెళ్లే దారిలో, వానకాలం జొన్నచేలు మనిషిని కనపడనిచ్చేవి కావు. చలికాలం వస్తే బంతి, చేమంతి, టమాట గంపలు తెల్లారకముందే రోడ్డు మీదికి చేరేవి, వాటి పచ్చివాసన ఇంటి ముందర పొద్దెక్కేదాకా నిలిచేది. పెద్ద ఇల్లు, పెద్ద కొట్టం. మా బాపు పంచాయతీ రాజకీయాల్లో తిరిగే మనిషి కాబట్టి అరుగు మీద ఎప్పుడూ నలుగురు కూర్చుని, చాయ్ తాగుతూ, ఎవరు ఎవరి దిక్కు ఉన్నారో లెక్కలు తేల్చుకుంటూ ఉండేవారు. లోపల రాజ్యం మా నాయనమ్మది. ఆమెను మేము అవ్వ అనేవాళ్లం.

మా తమ్ముడు శీను మొదటి వానలప్పుడు పుట్టాడు. వాడు పుట్టిన తరువాత ఆ ఇంట్లో పొద్దు ఎట్లా గడిచేదో తలచుకుంటే ఇప్పటికీ నువ్వులనూనె వాసన వస్తుంది. అవ్వ వాకిట్లో పీట వేసుకుని, కాళ్లు బారజాపి, చీర మోకాళ్ల పైకి దోపి, వాడిని పిక్కల మధ్య పడుకోబెట్టుకునేది. గోరువెచ్చటి నూనెతో పాదం నుంచి తొడ దాకా ఒత్తి, కుడి చెయ్యి ఎడమ కాలికీ ఎడమ చెయ్యి కుడి కాలికీ తగిలించి, బోర్లా తిప్పి వెన్ను రుద్ది, శనగపిండి పూసి, రాగి బిందెలో నీళ్లు దోసిలితో తల చుట్టూ తిప్పి పోసేది. తరువాత సాంబ్రాణి పొగ. పొగలో వాడి చిన్న ముక్కు అదిరేది. పొగ పట్టడం అయ్యాక వాడిని చీర తొట్టెలలో వేసి, పైనుంచి ఎర్ర గుడ్డతో కుట్టిన పిట్టలను కట్టేది. గాలికి అవి తిరుగుతుంటే వాడి కళ్లు వాటితోపాటు తిరిగేవి. కందిగింజలు పోసి ఈతాకుతో అల్లిన గిలక్కాయ వాడి గుప్పిట్లో పెట్టేది. వాడు దాన్ని నోట్లో పెట్టుకునేవాడు, విసిరికొట్టేవాడు, అవ్వ మళ్లీ అందించేది. ఆ ఓపిక ఎక్కడి నుంచి వచ్చేదో గాని, వాడు విసిరిన ప్రతిసారీ అదేదో ఘనకార్యమైనట్టు మురిసిపోయేది.

అన్నిటికంటే మాకు ఇష్టమైనది వేళ్ల ఆట. అవ్వ తన రెండు వేళ్లను వాడి బొటనవేలి మీద నిలబెట్టి, మోకాలి మీదుగా, పొట్ట మీదుగా నడిపిస్తూ సొంతంగా కట్టిన పాట పాడేది.

“సురంగల్ల బస్సెక్కె సుక్కబొట్టు సిన్నోడు
మొయినాబాదుల దిగె, మొక్కజొన్న బుక్కె
కనకమామిడిల ఆగె, కాళ్లు రెండు గడిగె
చేవెళ్లకు చేరంగనే... సంకల జొర్రె!”

చేవెళ్ల అనగానే వేళ్లు వాడి చంకలో దూరేవి. వాడు కిలకిలా నవ్వుతూ ముడుచుకుపోయేవాడు. కొన్నాళ్లకు వేళ్లు కనకమామిడి దాటకముందే, అంటే బొడ్డు దగ్గర ఉండగానే నవ్వడం మొదలుపెట్టాడు. “సూడుండ్రి, పాట సమజైతుంది వీనికి. చేవెళ్ల రాకముందే నవ్వవట్టె,” అని అవ్వ వాడకట్టు అంతా చెప్పుకున్నది.

ఒక రోజు అవ్వ నోటి నిండా తమలపాకులు ఉన్నాయి. పాడలేక ఉత్త వేళ్లు నడిపించింది. వాడు సరిగ్గా అదే చోట, అదే నవ్వు నవ్వాడు. నేను పక్కనే కూర్చుని పలక మీద ఎక్కాలు రాసుకుంటున్నాను. నాకేదో తేడాగా తోచింది. మరుసటి రోజు అవ్వ పశువుల దగ్గరికి వెళ్లినప్పుడు వాడి తలవైపు కూర్చుని, చెయ్యి వెయ్యకుండా, ఆ పాట మొత్తం గట్టిగా పాడాను. “సంకల జొర్రె” అని అరిచాను కూడా. వాడు వాకిట్లో తిరిగే కోడిని చూస్తూ ఉండిపోయాడు.

ఆ తరువాత నేను ఊరుకోలేదు. ఇత్తడి చెంబు మీద గరిటెతో కొట్టాను. తొట్టెల వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. ఎదురుగా వస్తే నవ్వేవాడు, వెనక నుంచి ఏం చేసినా తిరిగేవాడు కాదు. దీపావళి నాడు మా వాకిట్లోనే ఎవరో సుతిలి బాంబు పేల్చారు. ఆ చప్పుడుకు లేగదూడ పలుపు తెంపుకుని పరుగెత్తింది, అవ్వ చేతిలోని మురుకుల గిన్నె జారిపోయింది. తొట్టెలలో వాడు మాత్రం రెప్ప కదపకుండా నిద్రపోయాడు.

వంటింట్లో అమ్మ కొంగు పట్టుకుని చెప్పాను. “అమ్మా, తమ్మునికి ఇనొస్తలేదే.”

అమ్మ చేతిలోని పిండి అట్లాగే ఉంచి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తు. “నోరు మూయ్. పండుగపూట ఏం మాటలే గవి? వానిది గట్టి నిద్ర.”

“నిద్రల గాదే, మేల్కొని ఉన్నప్పుడు గూడ...”

“ఇంకోపాలి అన్నవంటే వాత పెడ్త.”

అవ్వ దగ్గరికి పోతే ఆమె నవ్వింది. “మీ బాపు గూడ గిట్లనే ఉండె బిడ్డా. మూడేండ్లకు గాని మాట పెగల్లేదు. ఇప్పుడు సూడు, మైకు ఇడుస్తడా?” పైగా ఆమె దగ్గర రుజువులున్నాయి. ఏడుస్తున్న వాడిని గుండెకు ఆనించుకుని ఆమె గొణుగుతున్నట్టు పాడితే క్షణంలో ఊరుకునేవాడు. ఆ గుండె అదురుకు ఊరుకునేవాడని మాకు ఎవరు చెప్పాలి? పీర్ల పండుగ నాడు గుండం చుట్టూ డప్పులు మోగుతుంటే అవ్వ చంకలో వాడు కాళ్లూ చేతులూ ఆడించి ఎగిరెగిరి పడ్డాడు. మంట వెలుగు వాడి కళ్లలో ఆడుతున్నది, డప్పు దెబ్బ ఒంట్లోకి దిగుతున్నది. అవ్వ నా నెత్తిన మొట్టి, “గదో, ఇనొస్తలేదంటివి గదనే!” అన్నది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా చేతిలో మలీద ముద్ద ఉన్నది. బెల్లం, నెయ్యి వేళ్ల సందుల్లో జిగటగా కారుతున్నాయి. నాకు తినబుద్ధి కాలేదు.

ఇక మిగిలింది బాపు. అరుగు మీదికి వెళ్లి నిలబడితే, “జర ఆగు బిడ్డా, పెద్దమనుషులున్నరు,” అనేవాడు. పెద్దమనుషులు లేని పొద్దు మా అరుగుకు లేదు. ఎలక్షన్లు అయ్యాక చెప్దామనుకున్నాను. ఎలక్షన్లు అయ్యాయి. గెలిచినవాళ్ల ఊరేగింపులు, ఓడినవాళ్ల అలకలు మొదలయ్యాయి.

అట్లా ఒక వాన వెళ్లి ఇంకో వాన వచ్చింది. వాడు కూర్చున్నాడు, దోగాడాడు, తోటి పిల్లలకంటే ముందే నడిచాడు. అవ్వ ఆటలకు వాడి ఒళ్లు ఉక్కులా తయారైంది. ఒక్క మాట రాలేదు. పక్కింటి పిల్ల “అత్త, తాత” అంటుంటే అమ్మ మొహం తిప్పుకునేది. నేను మళ్లీ నోరు తెరిస్తే మొక్కుల పేర్లు చెప్పేది. వాడికి మూడో ఏడు నిండవస్తుండగా, ఒక సాయంత్రం మా ఇంటి ముందు సందులో వరిగడ్డి ట్రాక్టర్ వెనక్కి వస్తున్నది. వాడు దానికి వీపు పెట్టి, దుమ్ములో పుల్లతో గీతలు గీస్తూ గొంతుక్కూర్చున్నాడు. గడ్డి అడ్డం వచ్చి డ్రైవర్‌కు ఏమీ కనపడదు. హారన్ మాత్రం మోగిస్తూ వస్తున్నాడు. అరుగు మీద నుంచి బాపు చూశాడు.

“శీనూ! ఒరేయ్ శీనూ! లేవురా!”

వాడు తల ఎత్తలేదు. బాపు అరుగు మీద నుంచి దూకి, జారిపోతున్న ధోవతి ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తి, వాడిని రెక్క పట్టి ఇవతలికి లాగాడు. చక్రం ఆ గీతల మీదుగా వెళ్లింది. బాపు వాడిని ఒళ్లంతా తడిమి చూశాడు. వాడు మాత్రం, ఆడుకోవడానికే వచ్చాడనుకుని, బాపు మొహంలోకి చూస్తూ చెయ్యి పైకెత్తి చంక చూపించాడు, గిలిగింతలు పెట్టమని.

“నేను గంత మొత్తుకుంటె ఇనలేదేందే వీడు?” అన్నాడు బాపు, గడపలో నిలబడిన అవ్వను చూసి.

మరుసటి రోజే పట్నంలోని దవాఖానకు పోయాము. బస్సులో నా ఒళ్లోనే కూర్చుని వాడు కిటికీ లోంచి చూశాడు. చాలాసేపు పరీక్షలు చేశాక డాక్టరమ్మ, వాడికి పుట్టుకతోనే వినపడదని, మిషన్ పెడితే కొంత ఉపయోగమని చెప్పి, “చాలా ఆలస్యంగా తెచ్చారు. నెలల పిల్లాడప్పుడే తెస్తే మాటలకు బాగుండేది. మీకు అనుమానం ఎప్పుడొచ్చింది?” అని అడిగింది.

“ఈ మధ్యనే, మేడం,” అన్నాడు బాపు.

“లేదు మేడం. నేను ఎప్పుడో చెప్పిన. దీపావళికే చెప్పిన,” అన్నాను. అమ్మ నేల చూపులు చూసింది. బయటికొచ్చాక బాపు నాకు బత్తాయి రసం తాగించాడు. ఒక మాట అంటాడేమోనని గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూశాను. అనలేదు. ఆ తరువాత ఎన్నడూ అనలేదు.

చెవిమిషన్ పెట్టెను వాడి ఛాతీకి పట్టీతో కట్టారు. దాని తీగలు లాగి పారేస్తూ వాడు రోజంతా ఏడ్చేవాడు. ఒక రోజు అవ్వ నూనె గిన్నె ముందు పెట్టుకుని, “గిన్ని దినాలు గాలికే పాడిన్నా బిడ్డా?” అన్నది.

“వాడు నవ్విండు గద అవ్వా. నీ వేళ్లకు నవ్విండు. నీ మొకం సూసి నవ్విండు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. ఒళ్లు రుద్దడం మానలేదు, వేళ్లు కూడా నడిపించింది గాని మళ్లీ పాడలేదు. పాడితే ఏం పోయింది? నాకు వినపడేది కదా, అమ్మకు వినపడేది కదా! ఇంట్లో పసిపిల్లాడి ఆటలన్నీ ఆ రోజుతో నిశ్శబ్దమయ్యాయి. వాడిని పట్నంలో చెవిటి పిల్లల హాస్టల్ బడిలో వేశారు. వాడు అక్కడుండగానే అవ్వ పోయింది.

ఇప్పుడు వాడు మొయినాబాద్‌లో ఫ్లెక్సీల దుకాణం నడుపుతున్నాడు. బాపులాంటి వాళ్ల మొహాలే రోజూ నిలువెత్తున ముద్రిస్తాడు. సురంగల్‌లో మా జొన్నచేల జాగాలో ఫామ్‌హౌస్ గోడలు లేచాయి, గోడల మీద గాజుపెంకులు. ఈతచెట్లు లేవు, ఆకు అల్లే చేతులు లేవు. బారజాపిన కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టుకునేంత సేపు ఎవరి ఒడీ ఖాళీగా లేదు. నా ఒడీ లేదు, సాయంత్రం షేర్ ఆటో దొరకదేమోనని గడియారం చూసుకుంటూనే ఉన్నాను. అవ్వ ఫోటో ఒక్కటి ఉన్నది, అదీ ఎవరి పెళ్లిలోనో వెనక వరసలో.

మధ్యాహ్నం దుకాణం నుంచి తిండికి వచ్చిన శీను, నిద్రపోతున్న కూతురి పక్కన కూర్చుని ఫోన్‌లో టైపు చేసి నాకు చూపించాడు. “అక్కా, అవ్వ గొంతు ఎట్లుంటుండె?”

చెప్పబోయాను. విసుర్రాయి తిరిగినట్టు అందామనుకున్నాను. వాడు ఎన్నడూ వినలేదు. చెంబులో పాలధార పడినట్టు అనుకున్నాను, అదీ చప్పుడే. పగిలిన డప్పు, ఎండుటాకులు, ఏది తలచినా చప్పుడే. చివరికి “గరుకుగ ఉంటుండె,” అన్నాను, పెదవులు నిదానంగా కదుపుతూ.

వాడు మళ్లీ టైపు చేశాడు. “గోనెసంచి లెక్కనా?”

“గంత గరుకు గాదురా.”

“మరి?” అన్నట్టు చెయ్యి తిప్పి, నా పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాడు.