మరకలావిడ కడిగిన నాణెం

ఆ వీధిలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మరకలావిడ అంటే చాలు, ఎవరైనా డ్రైక్లీనింగ్ దుకాణం దాకా దిగబెట్టి వస్తారు. ముందు గదిలో ఒక బల్ల, దాని మీదికి వంగిన దీపం. వెనక గదిలో మిషను, ఆవిరి ఇస్త్రీ, గోడ పొడవునా మందు సీసాలు. ముప్పై ఏళ్లుగా కాఫీ, సిరా, రక్తం, తుప్పు, లిప్‌స్టిక్ అన్నీ ఆ బల్ల మీదికి వచ్చి పోయాయి. చూడగానే ఏ మరక ఎన్నాళ్లదో చెప్పేస్తుంది. ఎలా పడిందని మాత్రం చచ్చినా అడగదు. సగం బేరాలు ఆ అడగకపోవడం వల్లే వస్తున్నాయని ఆవిడకు తెలుసు.

ఆవిడ పద్ధతులు రెండు. ఏ మందైనా ముందు బట్ట లోపలి మడతలో, ఎవరికీ కనపడని చోట, ఒక్క చుక్క వేసి చూడాలి. రంగు దిగకపోతేనే ముందుకు వెళ్లాలి. అంత జాగ్రత్త పడ్డా పాడైతే, బట్టలవాళ్లు నోరు తెరవకముందే తనే చెప్పాలి. "మీ కోటు పాడు చేశానండీ" అనేస్తుంది, రండి కూర్చోండి అనడం కూడా ఆ తర్వాతే. తిట్టిపోసినవాళ్లు చాలామందే ఉన్నారు. మళ్లీ రానివాళ్లు ఒకరో ఇద్దరో.

అలాంటి మనిషి దగ్గరికి ఒక మధ్యాహ్నం వదిన రేకు డబ్బా ఒకటి పట్టుకుని వచ్చింది. ఆ పొద్దునే అన్నయ్య కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఆ ఒక్క కుడి కన్నూ ఐదేళ్లుగా మసకబారుతూ వచ్చి, చివరికి అన్నం కంచం కూడా తడుముకునే దశకు చేరింది.

"బాగా అయిందట. రేపు పదింటికి పట్టీ విప్పుతారు" అంది వదిన, డబ్బా మూత తీస్తూ. "వీటి సంగతి చూడు."

పన్నెండు వెండి నాణేలు. అన్నయ్య పోస్టాఫీసులో పనిచేసినన్నాళ్లూ ఒక్కొక్కటిగా సంపాదించి, చిన్న చిన్న కాగితం కవర్లలో దాచుకున్నవి. అన్నీ నల్లబడి ఉన్నాయి.

"చూపు తగ్గాక వీటిని పట్టించుకున్న నాథుడే లేడు. మసిబొగ్గుల్లా తయారయ్యాయి. రేపు ఆయన చూసేసరికి తళతళలాడిపోవాలి. నీకు చిటికెలో పని కదా అమ్మాయ్."

"అన్నయ్యని అడిగావా వదినా?"

"అడిగితే ఇంకేం సరదా? నోరు తెరుచుకుని చూడాలాయన."

వెండి గుండీలకు వాడే మందు సీసా ఒకటి పై అరలో ఉంది. బ్యాండువాళ్ల కోట్లు వచ్చినప్పుడు దించుతుంది. దాన్ని దించి, నాణేలన్నీ దీపం కింద పరిచింది. బట్టకైతే లోపలి మడత ఉంటుంది. నాణేనికి ఏది? రెండు వైపులా మొహమే. సరే, పోతే పోయినా ఫర్వాలేదనిపించేదాన్నే ముందు ముంచుదామనుకుంది. అన్నిటికంటే పాడైపోయినది ఎక్కడుందా అని వెతికింది.

అదీ కనపడింది. తెరచాప ఓడ బొమ్మ ఉన్న పెద్ద నాణెం. మిగతావాటికి నలుపొక్కటే, దీనికి మాత్రం ఒక రంగు కాదు. నీళ్లలో కిరసనాయిలు ఒలికినట్టు ఎన్ని రంగుల మరకలో దాని ఒంటి నిండా! ఇది తేలితే తక్కినవన్నీ తేలినట్టే. గిన్నెలో మందు పోసి, పట్టుకారుతో నాణెం పట్టి ముంచింది. కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంది. అయిదు లెక్కపెట్టేలోపు రంగులన్నీ పోయి, నాణెం తెల్లగా పైకొచ్చింది.

"చెప్పానా!" అని వదిన సంబరపడిపోయింది. మరకలావిడకు మాత్రం ఏదో చప్పగా తోచింది. మెరుస్తోంది, కాదనడానికి లేదు. ఉప్పు మర్చిపోయిన కూరలా ఉంది. ఆసుపత్రిలో చూడ్డానికి వచ్చినవాళ్లని లోపలికి పంపే వేళ కావడంతో మిగతావి వచ్చాక చూద్దామని ఇద్దరూ బయల్దేరారు.

అన్నయ్య కంటికి పట్టీతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అయినా నోటికి విశ్రాంతి లేదు.

"రేపు పట్టీ విప్పగానే ముందు ఏం చూస్తానో చెప్పుకో చూద్దాం."

"ఏముంది, వదిన మొహం" అంది చెల్లెలు.

"ఆ మొహం కళ్లు లేకపోయినా కనపడుతూనే ఉంది లేవే. నా ఓడ నాణెం చూస్తాను. నువ్వెప్పుడూ చూడలేదు కదూ? ఆ కాగితం కవర్లో ముప్పై ఏళ్లు ఉండి ఉండి రంగులెక్కింది. నెమలి మెడ ఉంటుందే, అలా. ఎవరెంతిస్తామన్నా ఇవ్వలేదు. ఐదేళ్లయింది దాన్ని చూసి. ఈ కత్తికి ఒప్పుకున్నదే దాని కోసం."

మరకలావిడ అక్కడే చెప్పేద్దామని నోరు తెరిచింది. వదిన వంక చూస్తే ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. కన్ను రుద్దకూడదు, వంగకూడదు, ఏడవకూడదు అని మంచం దగ్గర చీటీ అంటించి ఉంది. ఆ పూటకి చెప్పడం కుదరలేదు.

వరండాలోకి రాగానే వదిన చెయ్యి పట్టుకుంది. "కంట్లో కొత్త అద్దం పెట్టాక రంగులు వేరేగా కనపడతాయని డాక్టరే అన్నాడు. మీకే అలా కనపడుతోందని చెప్పేద్దాం. నమ్ముతారు."

నమ్మేవాడే. అక్కడే వచ్చింది చిక్కు. ఊరూ పేరూ తెలియనివాళ్లకే మొహం మీద నిజం చెప్పిన మనిషి, సొంత అన్నకు అబద్ధం చెప్పి, బతికినన్నాళ్లూ ఆ కంటిని అతనే అనుమానించుకునేలా చెయ్యాలా?

"నావల్ల కాదు వదినా" అంది.

మర్నాడు పట్టీ విప్పారు. అన్నయ్య గోడ గడియారం చూసి టైము చదివాడు. పెళ్లాన్ని చూసి, "జుట్టు ఇంత నెరిసిందేమిటే!" అన్నాడు. "మీతో కాపురం చేసి" అందావిడ. అతను నవ్వబోతుండగా చెల్లెలు దగ్గరికి జరిగింది.

"నీ ఓడ నాణెం పాడు చేశానన్నయ్యా" అని దాన్ని అరచేతిలో పెట్టింది.

అతను అంచులు పట్టుకుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. ఓడ ఉంది. తెరచాప తాళ్లతో సహా ఉంది. చాలాసేపు తిప్పుతూనే ఉన్నాడు.

"నిన్నెవరడిగారే?" అన్నాడు చివరికి.

"నేనే ఇచ్చానండీ" అని వదిన అందుకుంది. "తళతళలాడితే సంతోషిస్తారని..."

"ఇచ్చింది వదినే. నిన్ను అడక్కుండా ముంచింది నేను" అంది చెల్లెలు. ఆవిడకు ఏడుపొస్తోంది. ఆపుకోలేదు.

అతని గడ్డం అదిరింది. "అయ్యో, ఏడవకండి, కన్ను!" అని వదిన కంగారుపడింది.

"ఏడ్చే భాగ్యం కూడా లేదు" అన్నాడతను, మొహం గోడ వైపు తిప్పేసుకుని. అటు తిరిగే, "తక్కినవి?" అన్నాడు.

"ముట్టుకోలేదు. ముట్టుకోను కూడా."

"ముంచేముందు దీన్ని చూశావా? సరిగ్గా చూశావా?"

"చూశాను. మరకని సరిగ్గా చూడకుండా నేను సీసా మూత తియ్యను."

"అయితే చివరిసారి చూసింది నువ్వేనన్నమాట. చెప్పు."

ఆవిడకు తెలిసిన మాటలు మరకల మాటలే. అవే చెప్పింది. "అంచు చుట్టూ పలచటి టీ మరక. దాని లోపల నేరేడు పండు మరకంత చిక్కగా ఊదా. అది దాటితే నీలం, కొత్త సిరా ఒలికి ఇంకా ఆరనట్టు. తెరచాప మీదికి వచ్చేసరికి కుంకుమపువ్వు నానేసిన పాల రంగు. ఓడ అడుగున ఒక్క నూలుపోగంత ఆకుపచ్చ."

"ఆకుపచ్చ కూడా చూశావా!" అన్నాడతను. డాక్టర్లు అంత కష్టపడి తెరిచిన కన్ను మూసుకున్నాడు. చెల్లెలి చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"తొందర లేదు. అంచు దగ్గర్నించి మళ్లీ చెప్పు."