గుండ్లకమ్మ దాకా పరుగు

పోయిన ఆదివారం తెల్లవారక ముందే మా తమ్ముడి కొడుకు ఆటో పిలుచుకుని వచ్చి నన్ను గుండ్లకమ్మ ఒడ్డుకు తీసుకుపోయాడు. ఊళ్ళో కుర్రకారంతా కలిసి పరుగు పందెం పెట్టుకున్నారట, ఒకప్పుడు ఆ దారిన పరుగెత్తినదాన్ననీ, ఏళ్ళ తరబడి బడిలో డ్రిల్లు టీచరుగా చేసినదాన్ననీ జెండా ఊపడానికి నన్ను రమ్మన్నారు. ఆటో దిగకముందే వాసన గుప్పున కొట్టింది. కోళ్ళ దుకాణాలవాళ్ళు గోతాల్లో కట్టి పడేసిన ఈకలు, పేగులు, పసిపిల్లల డైపర్లు, మందు సీసాలు, పెళ్ళి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు, అన్నీ కలిసి మనిషెత్తు దిబ్బ; దాని అడుగు నుంచి నల్లగా కారి ఏటి ఇసుకలోకి ఇంకుతున్న రసం. ఫోటోల్లో అది పడకూడదని దిబ్బకు అడ్డంగా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీ మీద నవ్వుతున్నది నేనే. నా మొహం వెనకాల కుక్కలు పేగుల కోసం కొట్లాడుకుంటున్నాయి. ఒకబ్బాయి పరుగున వచ్చి గాలిలోకి ఇంత సెంటు కొట్టి, కొంచెంసేపే మేడం అన్నాడు. ఆ సెంటూ ఆ కుళ్ళూ కలిసిన వాసన ఎట్లా ఉంటుందో చెప్పడానికి నాకు మాట రాదు. జెండా ఆ అబ్బాయి చేతిలోనే పెట్టి ఆటో ఎక్కాను. ఇంటికొచ్చి రెండుసార్లు తలమీద నీళ్ళు పోసుకున్నా ఆ పూట అన్నం సయించలేదు.

నా ఈడు వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో మన మార్కాపురంలో ఏ వీధికి పోయినా పలకలే. పలకలు కోసేవాళ్ళు, నున్నగా చేసేవాళ్ళు, చెక్కలు బిగించేవాళ్ళు, ఊరిగాలిలోనే పలకపొడి ఉండేది, ఉమ్మి వేసినా బూడిదరంగులో పడేది. మా నాయన అరుగు మీద కూర్చుని పలకలకు చెక్కలు బిగించేవాడు. మాది ఉమ్మడి ఇల్లు, పెత్తనం మా పెదనాయనది. కొనకనమిట్ల వైపు ఉన్న చేలు చూసుకునేదీ, ఊళ్ళో తగాదాలు వచ్చినప్పుడు పెద్దమనిషిగా పోయి కూర్చునేదీ ఆయనే. మడీ శుభ్రమూ ఆయనకు ప్రాణం. ఎవరైనా దగ్గరికొస్తే పై పంచె ఇటు లాక్కుని అల్లంత దూరం జరిగి మాట్లాడేవాడు. మా నాయన అన్న ముందు తలెత్తి మాట్లాడింది నేనెప్పుడూ చూసి ఉండలేదు. అందరికంటే చిన్నవాడు మా చిన్నాయన, మిలిటరీలో ఫిరంగి మోతకు ఒక చెవి పోగొట్టుకుని ఇంటికి వచ్చేశాడు. చెవి పోయినా అలవాటు పోలేదు, తెల్లవారుజామున లేచి పరుగుకు పోయేవాడు.

నాకు పద్నాలుగో పదిహేనో ఏళ్ళు ఉండగా, ఒకనాడు ఆయన తువ్వాలు మరచిపోయి పోతే ఇచ్చి వద్దామని వెంటపడ్డాను. పిలిస్తే వినపడే చెవి నా వైపు లేదు. అట్లా ఏటిదాకా పోయాను. గుండ్లకమ్మ ఇసుకలో ఆగి వెనక్కి తిరిగినప్పుడు గానీ ఆయన నన్ను చూడలేదు. తువ్వాలు తీసుకుని, నా మొహంకేసి చూసి, "ఏంది పాపా, నీకు ఆయాసం లేదే! రేపు గూడా వస్తావా?" అన్నాడు. నా జీవితంలో నన్నెవరైనా వస్తావా అని అడిగింది అదే మొదటిసారి. అప్పటిదాకా పో, రా, తే అనడమే.

ఆ దారి ఇప్పటికీ నా కాళ్ళకు గుర్తుంది. మా వెనకసందు చివర, వీధి పిల్లలమంతా ఖాలా, అంటే పిన్నీ, అని పిలుచుకునే సాయెబులావిడ ఇల్లు, అది దాటితే పలకరాయి గనులు. పనికిరాదని పారబోసిన రాయి గుట్టలు గుట్టలుగా పడి ఉండేది, వాటి నడుమ ఒక్క మనిషి పట్టేంత సందు. మంచు తడికి ఆ పలకముక్కలు చేపపొలుసుల్లా మెరుస్తుండేవి, వాటిమీద ఒట్టికాళ్ళతో ఎట్లా అడుగేస్తే తెగదో చిన్నాయనే నేర్పాడు. ఆపైన సజ్జచేలు, కందిచేలు, పల్లంలోకి దిగితే ఏరు. పేరులోనే గుండ్లు ఉన్న ఏరు కదా, నీళ్ళకంటే రాళ్ళే ఎక్కువ. చెలమ తోడుకుని, ఊరినదాకా ఆగి, దోసిలితో తాగి, పెద్దారవీడు కొండలు ఎర్రబడేవరకూ ఏటి వెంబడే పరుగెత్తి వెనక్కి తిరిగేవాళ్ళం. లంగా కచ్చపోసి, ఓణీ నడుముకు చుట్టుకుని పరుగెత్తుతుంటే ఈ ఒళ్ళు నాదేనన్న సంగతి నాకు మొదటిసారి తెలిసింది.

ఊరు ఊరుకుంటుందా? పెళ్ళి కావలసిన పిల్ల మగవాడి వెంట చేలల్లో పరుగేమిటన్నారు. ఆ మగవాడు సొంత చిన్నాయన అన్నా ఆగలేదు. పెదనాయన మాత్రం భోజనం దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకునేవాడు, అంతే.

ఒకరోజు చీకటి విడీ విడకముందు ఆ గుట్టల నడుమ సందులో నా కాలు దేంట్లోనో దిగబడింది. మనిషి మలం. ఎవరో దారిలో కూర్చుని పోయింది కాదు, బక్కెట్టుతో తెచ్చి సందు పొడవునా పోసి, కట్టెతో పూసినట్టుగా ఉంది. కింద గాజుపెంకులు. తెగిన కాలితో, ఆ కంపుతో ఇంటికి పోలేక ఖాలా గుమ్మంలో కూలబడి వాంతి చేసుకున్నాను. ఆమె వేడినీళ్ళూ బూడిదా తెచ్చి నా పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని కడగబోయింది. నేను సిగ్గుతో కాళ్ళు లాక్కుంటే గట్టిగా పట్టుకుని, "ఛుప్ బేటీ, ఈ గలీజు నీది గాదు. పోసినోడిది. నువ్వెందుకు ఏడుస్తావు?" అన్నది.

వారంలో అట్లా మూడోసారీ అయ్యాక చిన్నాయన ఆ మరునాడు మామూలుకంటే చాలా ముందు లేపి తీసుకుపోయాడు. గుట్ట చాటున నిలబడ్డాం. కాసేపటికి ముక్కుకు తువ్వాలు కట్టుకుని, చేతిలో బక్కెట్టుతో, మైలపడతానని మనుషులకు అల్లంత దూరం జరిగే మా పెదనాయన వచ్చాడు. పక్కవీధి దొడ్లోంచి తెచ్చినది వంగి వంగి కట్టెతో పూస్తున్నాడు. ఎంత శ్రద్ధగా పూస్తున్నాడంటే, ఇల్లు అలికే ఆడవాళ్ళకు కూడా అంత ఓర్పు ఉండదు. నాకు కోపం రాలేదు, రోత పుట్టింది.

చిన్నాయన ఎదురుగా పోయి నిలబడ్డాడు. "నువ్వా అన్నా?"

పెదనాయన తడబడింది ఒక్క క్షణమే. "నేనే. ఆడపిల్లను ఊరిమీద ఉరికిస్తా ఉంటే చూస్తా ఊరకుండాల్నా? మన పరువు పోతా ఉంది."

"యాడికీ పోలేదులే," అన్నాడు చిన్నాయన, బక్కెట్టు వైపు చూస్తూ. "నీ చేతిలోనే ఉంది."

ఇంట్లో ఆ సంగతి చిన్నాయన మా నాయనకొక్కడికే చెప్పాడు. నాయన అరుగు మీద చెక్కలు బిగిస్తూనే ఉన్నాడు. పరుగు ఇక మానేయాల్సిందేననుకున్నాను. కానీ మరునాడు చిన్నాయన నన్ను వెనకసందుకు కాక వీధి వాకిట్లోకి తీసుకువచ్చి, ఇకనుంచి బజారులోంచే పోదాం పాపా, అక్కడైతే ఎవరూ పోయలేరు అన్నాడు. అట్లా టీ అంగళ్ళ ముందు నుంచి, మసీదు పక్కనుంచి, బస్టాండు చుట్టూ తిరిగి ఊరంతా చూస్తుండగా పరుగెత్తాం. ఈలలు వేశారు, వక్కాకు నమిలి నా కాళ్ళ దగ్గర ఉమ్మారు. ఆ ఎర్రటి ఉమ్మి మడమల మీద చిందినప్పటి వెచ్చదనం తలుచుకుంటే ఈ వయసులోనూ ఒళ్ళు జలదరిస్తుంది. నెల తిరిగేసరికి వాళ్ళకే విసుగు పుట్టి ఊరుకున్నారు.

ఆ మరుసటేడు బడి తరఫున రాష్ట్ర పోటీలకు ఎంపికయ్యాను. నాయనే తోడు వచ్చాడు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి, బెజవాడలో మారి, విశాఖపట్నం అవతల ఒక తీరానికి చేరాం. సముద్రం చూడడం అదే మొదలు, రైల్లో దారిపొడుగునా దాని గురించే కలలు కన్నాను. పరుగు ఒక చిన్న ఏటి లోయలో మొదలై, కొండల మధ్య ఏటి వెంట దిగి, అది సముద్రంలో కలిసే చోట మలుపు తీసుకుని, ఒడ్డున నల్లటి బండల మీదుగా దీపస్తంభం దాకా పోవాలి. లోయ మన గుండ్లకమ్మ లోయలాగే ఉంది, అక్కడ హాయిగా పరుగెత్తాను. మలుపు తిరిగి చూస్తే, చుట్టుపక్కల ఊళ్ళకు ఆ బండల చాటే దొడ్డి. అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు. పాపం వాళ్ళననేదేముంది, వాళ్ళకు మరుగు కట్టించిందెవరు? ఆడపిల్లల్ని ఒట్టికాళ్ళతో ఆ దారిన పంపి, తాము గాలికి ఎదురుగా కుర్చీలు వేయించుకుని ముక్కులకు రుమాళ్ళు అడ్డుపెట్టుకున్న అధికారుల మీద పుట్టింది నాకు రోత. ముందున్న పిల్లలు మునివేళ్ళ మీద గెంతుతున్నారు, ఇద్దరు పక్కకు పోయి కక్కుకున్నారు. నేను మాత్రం చూపు దీపస్తంభం మీద పెట్టి సాగిపోయాను. అంతకంటే ఘోరం మా ఇంటి పెద్దే పోసి ఉన్నాడు, ఇక సముద్రం నన్నేం చేస్తుంది? రెండో బహుమతి వచ్చింది. అలల్లో నిలబడి మోకాళ్ళదాకా కడుక్కుంటుంటే నాయన ఒడ్డున నిలబడి ఏడుస్తున్నాడు.

తిరిగి స్టేషన్లో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద జనం. ముందు వరసలో మల్లెపూవులాంటి పంచెతో, బంతిపూల దండతో పెదనాయన. దండ నా మెడలో వేసి, జనం వైపు తిరిగి, "మా ఇంటి బంగారప్పా ఇది! దగ్గరుండి ఉరికించినాం," అని నా తలమీద చెయ్యి పెట్టబోయాడు.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "పెదనాయనా, ఆ చెయ్యి కడుక్కున్నావా?"

జనానికి అర్థం కాలేదు. ఆయనకు అయింది. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఏమే, నోరు లేస్తా ఉందే అనబోయాడు. అప్పుడు నా పక్కన మా నాయన, దారిపొడుగునా మోసుకొచ్చిన మరచెంబు మూత తిప్పి, దాన్ని అన్న ముందుకు చాపాడు.

"కడుక్కో అన్నా," అన్నాడు. తల దించలేదు.

పెదనాయన వెనక్కి తిరిగి జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు. దండ తీసి బెంచీ మీద పెట్టాను, ఎవరిదో మేక వచ్చి నింపాదిగా నమిలింది. నెలలోపు వేరుపడ్డాం. ఖాలా వాళ్ళ పక్కిల్లు అద్దెకు తీసుకున్నాం, నాయన ఆ ఇరుకు వాకిట్లోనే పలకలకు చెక్కలు బిగిస్తూ నన్ను చదివించాడు. పెదనాయన బతికినన్నాళ్ళూ మాతో మాట్లాడలేదు. పోయినప్పుడు వెళ్ళి చూసి వచ్చాను, ఏడుపు రాలేదు. చిన్నాయన మాత్రం మోకాళ్ళు మొరాయించేదాకా గుండ్లకమ్మకు పోతూనే ఉన్నాడు.

ఆ రోజుల్లో రోతకు ఒక మొహం ఉండేది, ఎదురుగా నిలబడి నువ్వా అని అడగగలిగాం. ఇప్పుడు ఏటిని అట్లా చేసింది ఎవరంటే ఎవరి పేరు చెప్పను? తలా ఒక సంచి. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని పరుగెత్తుతున్నా ఈలవేసే నోరు లేదు, అందుకు మాత్రం నిజంగానే సంతోషిస్తాను. ఆ ఆదివారం ఆటోలో తిరిగివస్తుంటే పందెం మొదలై, పక్కనుంచే పిల్లలు పోతున్నారు. పదిహేనేళ్ళుంటాయేమో, ఒక పిల్ల అందరికంటే ముందుంది. మంచి అడుగు, చిన్నాయన చూసి ఉంటే ఆగి చూసేవాడు. ఎడమచేత్తో ముక్కు గట్టిగా మూసుకుని, కుడిచెయ్యి ఒక్కటే ఊపుకుంటూ పోతోంది. అట్లా పరుగెత్తితే ఊపిరి ఎంతసేపు అందుతుంది తల్లీ.