త్రిత్వపు ముడి

డిగ్రీ చేతికొచ్చిన ఆ రోజుల్లో, నాకు ఉద్యోగం రాకపోవడానికి నా మెడే కారణమని గట్టిగా నమ్మేవాణ్ణి. అందరిలాగే ఇంటర్వ్యూలకు పోయి, అందరికంటే ముందు తిరిగొచ్చేవాణ్ణి. లోపం చదువులో ఉందనుకోవడం కష్టం గనక మెడ మీదికి నెట్టాను. ఫోనులో చూసిన వీడియోలో ఒకాయన (ఎవరో తెలియదు, గడ్డం మాత్రం శ్రద్ధగా దువ్వుకున్నాడు) టై ముడిని బట్టే మనిషి తీరు తెలుస్తుందనీ, మొహానికి తగిన ముడి ఎంచుకోవాలనీ చెప్పాడు. నాది సన్న మొహం, కొంగ మెడ. సాదా ముడి వేస్తే కట్టెకు గుడ్డ చుట్టినట్టుంది. లావుపాటి విండ్సర్ ముడి వేస్తే గొంతులో ఏదో ఇరుక్కున్నట్టుంది. చివరికి మూడు రేకుల పువ్వులా విచ్చుకునే ట్రినిటీ ముడి కనబడింది. ట్రినిటీ అంటే చర్చిలో చెప్పే మన త్రిత్వమేనని చెబితే మా అవ్వ కళ్ళు మూసుకుని, "అట్లయితే అదే కట్టుకో నాయనా, ప్రభువే చూసుకుంటాడు" అంది. దాంతో నా వ్యక్తిత్వం ఖరారైపోయింది.

ధర్మవరంలో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. ఇంట్లో ఉన్నది ఒకే టై. చర్చిలో పెళ్ళినాడు బావ కట్టుకున్నది. దాన్ని బీరువాలోంచి తీసిస్తూ, "జాగర్తప్పా! మీ అక్క నన్ను చూసి నవ్విన ఒకే ఒక్క రోజు కట్టుకున్న టై ఇది" అన్నాడు. "ఆ మాట ఈడికి ఇనపడతాండాది" అని వంటింట్లోంచి అక్క గొంతు.

ఇంటర్వ్యూ పెనుకొండ దగ్గరి కంపెనీలో. ఫోనును గోడకానించి, ఆపి ఆపి చూస్తూ ముడి వేసి రైలెక్కాను. ఎండాకాలం, నిలబడే చోటు లేదు. చెమటకు ముడి బిగిసింది. వదులు చేద్దామని లాగాను (లాగకూడని కొస అదేనట). ఇంకా బిగిసింది. హిందూపురం పోయే ఒక పెద్దమ్మ నన్ను పరికించి చూసి, "ఊపిరి ఆడతాండాదా నాయనా?" అంది. ఆడుతోందని తలూపాలనుకున్నాను. తల ఊగలేదు.

కంపెనీ గదిలో ఒక సారు, ఒక మేడమ్. ఇద్దరిలో ఎవరి మెడకూ టై లేదు. "మీ గురించి చెప్పండి" అన్నాడు సారు. నా పేరు కీచుమంటూ బయటికొచ్చింది. "ముందు ఆ టై తీసెయ్యప్పా" అన్నాడు కంగారుగా. "రావట్లేదు సార్" అన్నాను. మేడమ్ డ్రాయరులోంచి కత్తెర తీసింది. నేను రెండు చేతులతో మెడ పట్టుకుని, "వద్దు మేడమ్, ఇది మా బావ పెండ్లి టై!" అని అరిచాను. మేడమ్ కత్తెరను మళ్ళీ డ్రాయరులో పెట్టేసింది. సారు గొంతు సవరించుకుని, "పనిలో సమస్య వస్తే ఎట్లా పరిష్కరిస్తారు?" అని అడిగాడు. "ఓర్చుకుంటాను సార్." "కనపడతాండాది" అన్నాడు. అంతే, పొమ్మన్నారు.

పెనుకొండ స్టేషన్లో బెంచీ మీద కూలబడ్డాను. ఉద్యోగం పోయింది, టై రాలేదు. ఇక ఈ మెడతో, ఈ బతుకుతో ఏం చెయ్యాలో తెలియక ఏడుపొచ్చింది. పక్కనున్నాయన, "ఏమబ్బా, ఎవరన్నా పోయినారా?" అని అడిగాడు. నేనే అని చెప్పడానికి గొంతు పెగల్లేదు.

ఇంటికి రాగానే అక్క నా మెడ చూసి, మారు మాట లేకుండా కత్తెర అందుకుంది. "అక్కా, పెండ్లి టై!" అన్నాను. "తాళి గాదు గదరా! మెడ తిప్పు" అంది. ఒక్క కోత. గాలి లోపలికొచ్చింది. సాయంత్రం బావ వచ్చి, తెగిన ముక్కల్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "ఉద్యోగం?" అన్నాడు. రాలేదన్నాను. ముడిని అటూ ఇటూ తిప్పి, "పని మాత్రం బాగుండాదప్పా, యాడ నేర్చుకున్నావు?" అన్నాడు. స్టేషన్లో ఆగిన ఏడుపు అప్పుడు మొత్తం వచ్చింది.

ఇప్పుడు హిందూపురంలో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. ఇంటర్వ్యూకని వచ్చి, గుమ్మం ముందు కాలరు సర్దుకుంటూ నిలబడే పిల్లల్ని చూసినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. చెప్పను, మంచినీళ్ళిస్తాను. ఆ వయసులో నేను మాత్రం ఎవరి మాట విన్నాను? ఊపిరాడకపోయినా పెళ్ళి టైని కాపాడుకున్న ఆ కొంగ మెడ కుర్రాడు గుర్తొస్తే, ఈ మధ్య సిగ్గు కన్నా ముద్దే ఎక్కువొస్తోంది.