పాపిడి తిరగబడిన బ్రష్షు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి హాజరు పుస్తకంలో ఉంది. హోటల్లో మాత్రం వంటవాళ్ల నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె కాదమ్మ. ఎవరేం చెప్పినా ముందు "కాదు" అనేసి, ఆ తర్వాత ఆలోచించడం ఆమె అలవాటు. చాలాసార్లు ఆ ఆలోచన కూడా తిరిగి తిరిగి "కాదు" దగ్గరికే వచ్చి ఆగేది.

నాలుగో అంతస్తు ఆమెది. ఈ కొస నుంచి ఆ కొసకు పరిచిన ముదురు నీలం తివాచీ, అటూ ఇటూ కలిపి ఇరవై రెండు గదులు, చివర ఒక పెద్ద కిటికీ. పద్నాలుగేళ్లుగా ఆ తివాచీని ఒకే వాక్యూమ్ మిషనుతో శుభ్రం చేస్తోంది. నిలబడి ముందుకు తోసే రకం. దాని పిడి మీది రబ్బరు ఆమె అరచేతి ఆకారానికి అరిగిపోయింది. వారానికోసారి మిషనును పడుకోబెట్టి, అడుగున తిరిగే బ్రష్ రోలరుకు చుట్టుకున్న వెంట్రుకలను చిన్న కత్తెరతో కోసి తీసేది. "ఊళ్లోవాళ్ల జుట్టంతా నీకే కావాలే" అని మందలించేది.

పైకి రాకముందు మూడేళ్లు నేలమాళిగలో, బట్టలుతికే గదిలో పనిచేసింది. ఆవిరి, బట్టల్లో వేసే మందుల ఘాటు, చూద్దామంటే ఒక్క కిటికీ లేదు. అక్కడ పట్టుకున్న దగ్గు నాలుగో అంతస్తుకు వచ్చాకే వదిలింది. మళ్లీ ఆ మెట్లు దిగేది లేదని ఆ రోజే అనుకుంది.

ఈమధ్య ఆ రోలరు మీది కుచ్చులు అరిగి బోడిగుండులా అయ్యింది. మరమ్మతులు చూసే మేస్త్రీ కొత్త రోలరు తెచ్చి బిగించాడు. కాదమ్మ ఒకసారి తోసి వెనక్కి తిరిగి చూస్తే, మిషను నడిచిన దారికి రెండు పక్కలా దుమ్ము గీతలు. మళ్లీ తోసింది. మళ్లీ గీతలే.

"రోలరు కొత్తదే కదక్కా. మోటారు ముసలిదైపోయింది. గాలి లాగట్లేదు" అన్నాడు మేస్త్రీ.

"కాదు. నిన్నటిదాకా లాగిన మోటారు నువ్వు చెయ్యి వేయగానే ముసలిదైందా?"

మేనేజరు వచ్చి గీతలు చూశాడు. "తుక్కు" అని రాసిన ఎర్ర అట్టముక్కను తీసుకుని మిషను పిడికి తాడుతో కట్టాడు. ఒకటి కాదు, మూడు ముళ్లు వేశాడు.

"సోమవారం పాతసామాన్లవాడు వస్తాడు. కింది అంతస్తుల్లాగే ఈ అంతస్తు కూడా ఇక బయటి కంపెనీవాళ్లు చూసుకుంటారు. నువ్వు కింద బట్టల గదికి వెళ్లమ్మా. కూర్చుని చేసే పని, హాయిగా ఉంటుంది."

"అంత హాయి అయితే మీ కుర్చీ అక్కడ వేయించుకోండి సార్."

మేనేజరు విననట్టు లిఫ్టు ఎక్కేశాడు. కాదమ్మ కొత్త రోలరు ఊడదీసి, చెత్తబుట్టలోంచి పాతదాన్ని ఏరుకుని, రెండూ సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లింది.

ఆమె భర్త దర్జీ. ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను. సంచిలోంచి రోలర్లు బయటికి రాగానే కళ్లజోడు మీంచి చూశాడు.

"ఏంటే, ఇల్లు కూడా తుక్కుకొట్టు చేస్తావా?"

"ఇంకోసారి తుక్కు అన్నావంటే నిన్ను కూడా సంచిలో వేస్తా. ఇలా చూడు. రెండూ ఒకే పొడుగు, ఒకే లావు. మరి ఇదెందుకు పనిచేయదు?"

అతను టేపు పెట్టి కొలిచాడు. నూలుపోగంత తేడా లేదు. "కొలత సరిపోతే అయిపోయిందా? మఖమల్ గుడ్డలో ఒక ముక్కను తలకిందులుగా కత్తిరించి కుట్టావనుకో, కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి. తొడుక్కున్నాక చూడాలి, ఒక భుజం నల్లగా, ఒక భుజం తెల్లగా. దానికి నూగు ఎటు వాలిందో చూసుకోవాలే."

కాదమ్మకు ఏదో తట్టింది. మిషనులో బెల్టు ఉండేది కుడి పక్కన. అందుకని బెల్టు తగులుకునే గాడి కుడిచేతివైపు ఉండేలా రెంటినీ ఒళ్లో పెట్టుకుంది. పాతదాని మీద మిగిలిన కుచ్చుల మొదళ్లు రెండు కొసల నుంచీ ఏటవాలుగా వచ్చి నడుమన కలుసుకున్నాయి, అచ్చం తలకు పాపిడి తీసినట్టు. కొత్తదానికీ పాపిడి ఉంది. కానీ తిరగబడి ఉంది.

"గాలి లాగే కన్నం నడిమధ్య ఉంటుందయ్యా! పాతది దుమ్మును మధ్యకు నెట్టేది. ఇది పక్కలకు తరుముతోంది. మోటారు ఏం చేస్తుంది పాపం!"

"తిప్పి బిగిస్తే?"

"కాదు. తిప్పితే గాడి ఎడమవైపుకు పోతుంది. బెల్టు కుడివైపు కదా."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ కొన్న దుకాణానికే వెళ్లింది. మార్చి ఇమ్మంటే దుకాణదారు తల అడ్డంగా ఊపాడు.

"బిగించినది వాపసు తీసుకోమక్కా. అయినా ఇది అన్ని మిషన్లకీ సరిపోయే రకం."

"కాదు తమ్ముడూ. నీ చెప్పు అందరి కాళ్లకీ సరిపోతుందా? కాగితాలకు చిల్లులు పొడిచే మిషను ఉందా నీ దగ్గర?"

అతను తెల్లబోతూనే ఇచ్చాడు. అందులోని గుండ్రటి కాగితపు ముక్కలను బల్ల మీది గరుకు పట్టా మీద చల్లింది. రోలరు రెండు కొసలూ వదులుగా పట్టుకోమంది. కుట్టుమిషను పాత తాడు ఒకటి వెంట తెచ్చుకుంది. దాన్ని గాడికి చుట్టి, బొంగరం తిప్పినట్టు లాగింది. రోలరు గిర్రున తిరిగింది. కాగితపు ముక్కలు రెండు పక్కలకూ ఎగిరిపోయి, కొన్ని దుకాణదారు మీసాల మీద వాలాయి.

"ఇదీ నీ అన్ని మిషన్ల రకం" అంది కాదమ్మ.

అతను మీసాలు దులుపుకున్నాడు. ఆ తర్వాత అతనికీ సరదా పుట్టింది. లోపలి నుంచి ఒక్కొక్కటే తెచ్చాడు. ఒకదాని కుచ్చులు దూదిలా మెత్తగా ఉన్నాయి. నున్నటి నేలకు తప్ప తివాచీకి పనికిరాదంది. ఇంకొకదాని కొసలు పలకలుగా ఉన్నాయి, ఆమె మిషనులో గుండ్రటివే కూర్చుంటాయి. ప్రతిదానికీ "కాదు" అంటూనే ఉంది. అయిదోదాన్ని గాడి కుడివైపు పెట్టి పాపిడి చూసింది. తాడు లాగింది. కాగితపు ముక్కలు నడుమకు పోగయ్యాయి.

కాదమ్మ నోట "కాదు" రాలేదు.

"ఇరవయ్యేళ్లుగా ఇవి అమ్ముతున్నానక్కా. దీనికి పాపిడి ఉంటుందని ఇవాళే చూశాను" అంటూ మారుమాట లేకుండా మార్చి ఇచ్చాడు దుకాణదారు.

సోమవారం ఉదయం మేనేజరు పాతసామాన్లవాడితో నాలుగో అంతస్తుకు వచ్చేసరికి కాదమ్మ మార్చి తెచ్చిన రోలరును బిగించి మిషను పక్కన నిలబడి ఉంది. ఎర్ర అట్ట అలాగే వేలాడుతోంది. ఆమె జేబులోంచి నాలుగు పంచదార పొట్లాలు తీసి, చింపి, నీలం తివాచీ మీద పోసేసింది.

"ఏయ్, ఏంటది! పిచ్చా నీకు?"

మిషను హోరుమంది. ఒక్కసారి ముందుకు, ఒక్కసారి వెనక్కి. తెల్లగా ఒక్క పలుకు లేదు. పక్కన గీత లేదు.

"మోటారు ముసలిది కాదు సార్. తప్పు బ్రష్షు తెచ్చి బిగించారు. ఇంకో నాలుగు పొట్లాలు పోయమంటారా?"

"వద్దు!" మేనేజరు వంగి తివాచీని వేలితో రుద్ది చూసుకున్నాడు. లేచాక గొంతు తగ్గింది. "సరే. కంపెనీవాళ్లకు కింది అంతస్తులు చాల్లే. నువ్వు ఇక్కడే ఉండు. ఆ అట్ట తీసి పారెయ్."

"కాదు. ముళ్లు మీరు వేశారు, మీరే విప్పాలి."

పాతసామాన్లవాడు గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. మేనేజరు చేతిలోని ఫైలు కింద పెట్టి గోళ్లతో ముడి గీకడం మొదలుపెట్టాడు. మొదటిది విప్పడానికే చెమట పట్టింది. వెంట్రుకలు కోసే చిన్న కత్తెర కాదమ్మ జేబులోనే ఉంది. ఆమె దాన్ని బయటికి తీయలేదు. చేతులు కట్టుకుని, మూడో ముడి విడేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.