మూడో మెట్టు తడవనివ్వని మావ

గేటు మావ పోయాడని మంగళవారం పొద్దున్న కబురొచ్చింది. బయట వాన దంచేస్తోంది. చెప్పడానికి సిగ్గుపడను, నాకు ముందు తట్టింది 'అయ్యో, ఇప్పుడు చెరువు సంగతేంటి?' అనే. ఆ తరవాతే ఏడుపొచ్చింది. ఆ వరసే సరైనదని, ఉంటే మావ కూడా అనేవాడు.

మావ నాకు చుట్టం కాదు. మా డబ్ల్యూఆర్‌ఎస్ రైల్వే కాలనీ గోడకి అవతలి ఇల్లు. మా నాన్నలాగే శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ వచ్చాడు గానీ, ఉద్యోగం రైల్వేలో కాదు, చెరువు గేటు దగ్గర. ఆ చెరువు ఎవరూ తవ్వింది కాదు. పల్లంలో దానంతటదే నీరు నిలిచింది. తరవాత కట్ట పోసి, గేటు పెట్టి, మా కుళాయిలకి ఆ నీళ్ళే ఇచ్చారు. కట్ట కింద భన్‌పురి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ బస్తీ ఉంది. అన్నీ మట్టిగోడలే.

మావ పద్ధతి ఒక్కటే. పోలా పండగ దాకా రేవులో పైనుంచి మూడో మెట్టు తడవకూడదు. మన పోలాల అమావాస్య నాడే ఇక్కడ ఎద్దులకి పోలా చేస్తారు. ఆలోగా పెద్ద వానలొస్తే పట్టడానికి చెరువులో చోటుండాలి కాబట్టి, గేటు ఎత్తి కొంచెం కొంచెంగా కాలువలోకి వదలాలి. పండగ దాటాక గేటు దించి వేసవికి నింపుకోవాలి. ఆఫీసువాళ్ళు నాటిన కొలబద్ద పూడికలో ఒరిగిపోయింది. "దాని నడుం పట్టేసినాది, దాని మాట నమ్మకు" అనేవాడు.

ఒక్క ఏడాది మాత్రం తమ్ముడి కొడుకు పెళ్ళికని శ్రావణంలో పలాస వెళ్ళాడు. బదులు వచ్చినతను ఆఫీసు చెప్పినట్టు గేటు దించి, చెరువు నిండుగా ఉంచాడు. రెండు రోజుల వానకి నీళ్ళు కట్ట దాటి బస్తీలో పడ్డాయి. తిరిగొచ్చిన మావ కూలిన గోడల మధ్య బురదలో నిలబడి, "నానెందుకెళ్ళానర్రా" అని బావురుమన్నాడు. ఆ తరవాత ఎప్పుడు ఊరెళ్ళినా గేటు తిప్పే ఇనప హ్యాండిల్‌ని సంచీలో వేసుకునే రైలెక్కేవాడు. అదేంటని టీసీ అడిగితే "ఇంటి తాళం బాబూ" అన్నాడట!

ఇంకో ఏడాది ఆయన చెరువు తగ్గించాడు, పండగ తరవాత చినుకు రాలలేదు. ఉగాదికే కుళాయిలు ఎండిపోయాయి. ట్యాంకరు దగ్గర తోపులాటలో నా బిందె సొట్టపోయింది. తిన్నగా ఆయన గుమ్మంలోకెళ్ళి వీధంతా వినేలా దులిపేశాను.

"మా నీళ్ళన్నీ కిందకి పారబోసి ఏం బావుకున్నావు మావా?"

సైకిలు ట్యూబుకి పంక్చరు వేసుకుంటున్నవాడు తలెత్తాడు. "ఒలే, నీళ్ళు లేకపోతే నువ్వొచ్చి తిట్టావు. ఎక్కువైపోతే తిట్టడానికి ఆళ్ళు మిగల్రు కదే."

"వచ్చే ఏడూ ఇలాగే చేస్తావా?"

"చేస్తాను. ఏటి, మళ్ళీ వస్తావా?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. మూడు వారాలు మాట్లాడలేదు. ఆ మూడు వారాలూ గేటు దగ్గర బోరింగు కొట్టి, సైకిలు మీద రెండు బిందెలు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. నేను ఆ నీళ్ళతోనే వండి, ఆయన్నే తిట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపలేసుకోవాలనిపిస్తుంది.

తరవాత బోటింగు పిచ్చి పట్టింది ఆఫీసుకి. జెండా పండగకి పడవలు తిప్పాలి, చెరువు నిండుగా ఉంచమని కాగితమొచ్చింది. మావ దాని మీద సంతకం పెట్టాడు, గేటు మాత్రం దించలేదు. "నౌకరీ లే లో సాబ్, గేట్ నహీ గిరేగా" అన్నాడట. ఉద్యోగం తీసేసుకోండి, గేటు మాత్రం దిగదు, అని. సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్ళూ రోజూ డ్యూటీకి వెళ్ళాడు. హ్యాండిల్ ఆయన దగ్గరే ఉందిగా మరి!

దహనం దగ్గర ఎవరో "మావ కొంచెం మొండి" అన్నారు. కొంచెమా? ఆ మొండితనం వల్లే ఇన్నేళ్ళూ బస్తీలో పిల్లలు వానాకాలం నిశ్చింతగా నిద్రపోయారు.

ఆయన రిటైరయ్యాక గేటుకి మోటారు పెట్టారు. ఇప్పుడు స్విచ్ నొక్కితే చాలు. అయినా ఆయన ఉన్నంతకాలం శ్రావణంలో ఆ స్విచ్ జోలికెవరూ పోలేదు. మంగళవారం సాయంత్రం దహనమైంది. బుధవారం పొద్దున్నే గేటు దించడానికి ఆఫీసు జీపు వచ్చింది.

మేం వెళ్ళేసరికే బస్తీ ఆడవాళ్ళు మోటారు గది తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఒక ముసలావిడ ఛత్తీస్‌గఢీలో గట్టిగా చెప్పింది, "గేట్ బంద్ నయ్ హోవయ్, సాహబ్." గేటు మూయడం కుదరదని.

కుర్ర ఇంజనీరు మా కాలనీవాళ్ళని చూసి, మేం తన పక్షమనుకున్నాడు. ఎండాకాలం కుళాయిలు ఎండేది మాకేగా. "అబ్ తో వో ఆద్మీ భీ నహీ రహా" అన్నాడు. ఆ మనిషి కూడా ఇప్పుడు లేడుగా, అని.

"హమ్ హై నా" అన్నాను. మేమున్నాంగా, అని.

వెళ్ళి ముసలావిడ పక్కన నిలబడ్డాను. నా వెనకే మా వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. ఇంజనీరు జీపెక్కి అద్దాలు బిగించుకున్నాడు. వాన కొడుతూనే ఉంది. చీరలు ఒంటికి అతుక్కుపోయాయి, పాదాల కింద సిమెంటు పలక అదురుతోంది. దాని కిందనుంచి నీళ్ళు హోరుమంటూ కాలువలోకి పోతూనే ఉన్నాయి.