తెరిచి ఇచ్చిన డ్రైవర్

హైదరాబాద్ నుంచి నల్లగొండ పోయే బస్సుల కూసున్న. నా మాట మీదనే నల్లగొండల మా కంప్యూటర్ సెంటర్‌ల పది మిషన్లకు విండోస్ బదులు లినక్స్ ఎక్కించిన్రు. కొత్త వెర్షన్ వేసినంక స్క్రీన్లన్నీ నల్లగైనయి, బొమ్మ లేదు, ఒట్టి తెల్ల అక్షరాలే. బొమ్మను స్క్రీన్ మీదికి తెచ్చే కార్డును నడిపే ప్రోగ్రాం, డ్రైవర్, ఆ కార్డు కంపెనీది. దాని లోపలి కోడ్ వాళ్లు ఎవరికీ చూపరు. "కొత్తది వచ్చేదాక ఆగు" అని హైదరాబాద్‌ల డీలర్ నన్ను ఉత్తగనే పంపిండు. సాయంత్రం క్లాసులు మొదలుగాకుంటే పనికి మళ్ల రావద్దని సెంటర్ నడిపే మా సారన్నడు.

అవతలి సీట్ల కూసున్న బురఖా ఆమె నా ఒళ్లో ఉన్న కార్డు డబ్బా చూసి సంగతి అడిగింది. కాలేజీల కంప్యూటర్ చెప్తదట. సంచిలకెల్లి ఒక ఫ్లాపీ డిస్కు తీసిచ్చింది.

"ఫికర్ జెయ్యకు తమ్మీ. గీ రకం కార్డులకు ఎవరో రాసిన డ్రైవర్ ఇందుల ఉంది. కోడ్ మొత్తం తెరిచే ఉంది. రంగులే జర తక్కువొస్తయి."

"పని జెయ్యకుంటే ఎవరినడగాలె మేడం?"

"కంపెనీనడిగితే ఏమొచ్చింది? లోపలి కోడ్ చదువు, నువ్వే బాగుజేస్కో."

"మరి మీకు?"

"ఇంట్ల ఇంకోటుంది, మళ్ల కాపీ చేస్కుంట. నువ్వు గూడ పదిమందికియ్యి."

చౌటుప్పల్‌ల దిగిపోయింది.

సెంటర్‌ల ఎక్కిస్తే స్క్రీన్ మళ్ల నల్లగనే ఉంది. సార్ గడియారం చూస్తాండు. ఆ అక్షరాల స్క్రీన్ మీదనే కోడ్ తెరిచిన. అందుల అది నడిపే కార్డుల పట్టీ ఉంది, మా కార్డు నంబరే లేదు. ఆ నంబరుతోని ఒక్క వరుస కలిపి మళ్ల ఎక్కించిన. పలచటి రంగులతోని స్క్రీన్ వెలిగింది.

ఆ వరుసను డ్రైవర్ రాసినోళ్లకు పంపిన. తర్వాతి వెర్షన్‌ల వాళ్లు దాన్ని చేర్చిన్రు. గీ ముచ్చట బస్సుల కలిసిన ఆమెకు చెప్దామంటే, ఆ రోజు పేరన్న అడగలేదు.